రెండు చప్పట్ల నమాజు

ఠప్.

లామూ దీవిలో మా వీధి ఒక్క గాడిద పట్టేంత సన్నం. ఎదురింటి చప్పుడు మా గోడలోనే పుట్టినట్టు వినిపిస్తుంది. ఆ శబ్దం వెనకే "కలిపానత్తా!" అని కోడలు రెహేమా కేక. అప్పుడు తెలుస్తుంది, అత్త బీ తిమా నమాజులో ఉందని.

నమాజులో మాట్లాడకూడదు. తప్పనిసరైతే ఆడవాళ్లు ఎడమచేతి వెనకవైపు చరచవచ్చు. అంతమాత్రం వెసులుబాటు మీద బీ తిమా సంసారం నడుపుతుంది. ఒక చప్పట అంటే కుండ కలుపు. రెండంటే తలుపు వెయ్యి. వరసగా మూడోది కొడితే నమాజు చెడుతుందని భయం. అందుకని ఆమె రాజ్యంలో రెండే ఆజ్ఞలు.

హజ్ నెల మొదటి తొమ్మిది రోజులూ ఆమె గడప దాటదు. ఉపవాసం, జపమాల, పొద్దెక్కాక రెండేసి చొప్పున పన్నెండు రకాతులు, అంటే పన్నెండు విడతల నమాజు. మక్కా వెళ్లే యోగం లేదని మక్కానే ఇంట్లోకి పిలుచుకుంటుంది. నిరుడు ఏడో రోజున, వీధిలో చేపలవాడు చెప్పిన ధర విని నమాజు మధ్యలో "దొంగా!" అని అరిచింది. ఈసారి ఒక్క నమాజూ చెడకూడదని పంతం పట్టింది. ఎనిమిది రోజులు నెగ్గింది.

తొమ్మిదో రోజు, బక్రీదుకు ముందురోజైన అరఫా పొద్దు. నేను కిటికీలో బట్టలు ఆరేస్తున్నాను, ఎదురుగా బీ తిమా నమాజు చేసే గది కనిపిస్తోంది. బక్రీదుకు కొన్న మేక తాడు తెంపుకుని, పిలిచిన చుట్టంలా ఆ గదిలోకి నడిచింది. చాప అంచు నోట పెట్టింది.

ఠప్.

"కలిపానత్తా!"

ఠప్.

"ఇంకెంత కలపను? బొబ్బర్లు జావైపోయాయి!"

మేక ఇంకో జానెడు చాప తినేసింది. పాపం, బీ తిమా తన రెండు ఆజ్ఞలనీ తూచి చూసుకుంటున్నట్టుంది.

ఠప్, ఠప్.

రెహేమా గరిటెతోనే పరిగెత్తుకొచ్చి, లోపలికి చూడకుండా తలుపు లాగేసింది.

"పిల్లా, అత్తనీ మేకనీ కలిపి మూసేశావే!" అని అరుస్తూ మెట్లు దిగి వాళ్లింట్లోకి పరిగెత్తాను.

తలుపు తీసేసరికి బీ తిమా సజ్దాలో ఉంది. నుదురు ఆనేంత చాపే మిగిలింది. ఆమె ఎదురుగా మేక ముందుకాళ్లు మడిచి, తల వంచి, ఆ మిగిలినదాన్ని శ్రద్ధగా నములుతోంది.

"అత్తా," అంది రెహేమా నెమ్మదిగా, "ఇది కూడా సజ్దా చేస్తోందే! ఎన్నో రకాతులో ఉందంటావు?"

ముసుగు కదల్లేదు. తర్వాత సన్నగా వణికింది. రేకుల కప్పు మీద తొలి చినుకుల్లా ఒకటీ అరా నవ్వు రాలి, ఒక్కసారిగా వానైంది. గట్టిగా నవ్వితే నమాజు చెడుతుంది. అది పన్నెండో రకాతు.

బీ తిమా లేచి కూర్చుని కళ్లు తుడుచుకుంది. చివరి రెండు రకాతులూ మళ్లీ చదవడానికి వేరే చాప తెమ్మంది. నేను మేకను ఈడ్చుకుంటూ బయటికి వస్తుంటే వెనక నుంచి పిలిచింది.

"సఫియా, నేను నవ్వానని వీధిలో అనకు. దగ్గానని చెప్పు. వద్దులే, ఇవాళ అబద్ధమాడకూడదు. నవ్విందనే చెప్పు. కానీ రెహేమా నవ్వించిందని ముందు చెప్పు."