వెనక కూర్చున్నవాడి పాటలు

కళ్లద్దాల దుకాణాయన సాయంత్రం తలుపు దగ్గరగా వేసి, అద్దాల అంచులు అరగదీస్తూ ఒక్క మనిషి పాటలే వింటాడు. లోకమంతా నెత్తిన పెట్టుకున్న ఒక రాక్ బృందం పాటలు వినేవాళ్లందరికీ దాని గాయకుడంటే మోజు. ఈయనకు మాత్రం వెనక కూర్చుని డ్రమ్స్ వాయించేవాడంటే ఇష్టం. ఆ డ్రమ్మర్ బృందంతో పనిలేకుండా సొంతంగా పాడి చేసిన ఆల్బమ్‌లను ఒక్కొక్కటే వెతికి పట్టుకున్నాడు. అతనిది బొంగురు గొంతు, ఆ పాటలను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అందుకే అవి తనవే అనుకున్నాడు. ఇంట్లో కూడా చెప్పలేదు.

ఒకరోజు భార్య బట్టలు మడతపెడుతూ ఆ ఆల్బమ్‌లలోని ఒక పాట కూనిరాగం తీసింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

“ఎక్కడ విన్నావిది?”

“మా తమ్ముడు వినిపించాడండీ. ఆ డ్రమ్మరంటే వాడికి ప్రాణం. పక్కన కూర్చుని వినేవాళ్లే లేరని వాడి బాధ.”

ఆయనకు తన బీరువాలో ఎవరో చెయ్యి పెట్టినట్టనిపించింది.

ఆదివారం బావమరిది వచ్చాడు. వర్షాల కబుర్లయ్యాయి, పంటినొప్పి కబుర్లయ్యాయి. చివరికి అతనే మొహమాటపడుతూ అడిగాడు.

“బావా, నువ్వు పాటలు వింటావా?”

“మనకంత తీరికెక్కడిదిరా!”

“అంతేలే,” అంటూ బావమరిది చెప్పులు వేసుకున్నాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఆయన హమ్మయ్య అనుకున్నాడు.