ఆదివారం నెత్తురు

నా వ్యాసం అచ్చయిన పత్రిక చేతికొచ్చిన రోజు మా బావ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మా నెత్తురు తీస్కపోయి నీ పేరు అచ్చేసుకున్నవ్ మరదలా, మంచిగనే ఉంది నీ దందా" అన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. తెలుగు గలగలా మాట్లాడతాడే గానీ చదవడం అంతంతమాత్రం. మేమంతా మరాఠీ బడిలో చదివినవాళ్లమే. అందుకని ఆ పత్రికలో ఏముందో నేనే కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది.

చంద్రపూర్‌లో నా ఉద్యోగమే అది. ఎవరు ఏ మందు వాడుతున్నారు, వాడితే జబ్బు అదుపులో ఉంటోందా లేదా అని ఇల్లిల్లూ తిరిగి అడగడం, కాస్త నెత్తురు తీసి పరీక్షించడం, తేలింది రాయడం. ఈసారి భద్రావతి చుట్టుపక్కల బొగ్గు గనుల్లో పనిచేస్తున్న షుగరు జబ్బు మనుషుల గురించి రాశాను. వాళ్లలో తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాలు చాలా. మా నాన్న అలా వచ్చినవాడే. మా బావ కూడా అక్కడే డంపర్ నడుపుతాడు, ఆయనకూ షుగరే. పరీక్షల కోసం ఆదివారాలు శిబిరాలు పెట్టాం. ఎక్కువమందికి ఆ రోజే రెస్టు, అంటే వారం సెలవు. డ్యూటీ రోజుల్లో వాళ్లను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

తేలింది మాత్రం వింతగా ఉంది. గోలీ వేసుకోవడం ఎన్నడూ మరవమని చెప్పినవాళ్లకు కూడా, సరిగ్గా వేసుకోనివాళ్లకు ఉన్నంత షుగరు ఉంది. వీళ్లంతా అబద్ధం ఆడుతున్నారని ఒక్క మాట రాసేస్తే పని అయిపోయేది. నాకు మనసొప్పలేదు. నేను ఆ గని క్వార్టర్లలో పెరిగినదాన్ని, వాళ్లు మాట్లాడే తీరు నాకు తెలుసు. కారణం ఇంకా వెతకాలని రాసి వ్యాసం ముగించాను. నాకేమో పుట్టుకతోనే ఆరా ఎక్కువ. ఎదురింట్లో పోపు వేస్తే అది ఏ కూరో తెలిసేదాకా నాకు తోచదు. అలాంటిదాన్ని, నా వ్యాసం నేనే సగంలో వదిలేసినట్టయింది.

అదంతా విని బావ నవ్వాడు. "అంటే మేం గోలీలు మింగుడు దండగ అన్నట్టేనా?"

"దండగ అని రాయలే బావా. ఎందుకట్లయితుందో తెలుస్తలేదని రాసిన."

"తెలుస్తలేదని రాయనీకి గన్నేండ్లు చదివినవా?"

నేను మూతి ముడుచుకున్నాను. ఆయనతో మాటల్లో గెలవడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. అంతలో అక్క వంటింట్లోంచి పిలిచింది. వెళ్తే తలుపు దగ్గరికి వేసి, చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీకొక్క మాట చెప్తా, నేను చెప్పిన్నని ఆయనతోని అనకు. మొన్న డంపర్ మీద ఉండంగనే చెమటలు పట్టినయంట. చేతులు వణికినయంట. బండి పక్కకాపి కూసున్నడంట. గిట్లయ్యుడు ఇది మొదటిసారి గాదు."

"డాక్టర్‌కు చెప్పిండా?"

"చెప్పలే. తెలిస్తే డంపర్ మీదికెల్లి దింపుతరని భయం. డాక్టరేమో షుగర్ దిగుతలేదని గోలీ ఇంకింత పెంచిండు. నాకు ఫికరైతుందే. ఆయన డ్యూటీకెల్లి వచ్చేదాంక నాకు ముద్ద దిగుతలేదు."

ఆ డంపర్‌ను దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఆమె భయం అర్థమవుతుంది. అది మేడంత ఎత్తు ఉంటుంది, ఎక్కడానికే మెట్లుంటాయి. నిండా బొగ్గో మట్టో వేసుకుని లోతైన తవ్వకం అంచు వెంట తిరుగుతుంది. దాని మీద కూర్చున్న మనిషికి కళ్లు బైర్లు కమ్మితే చాలు, ఆయనతో పాటు ఇంకెంతమంది పోతారో చెప్పలేం. 

భయం వేసిన మాట నిజం. దాని పక్కనే ఆరా కూడా తల ఎత్తింది. చెమటలు, వణుకు, ఇవి షుగరు పడిపోయినప్పుడు కనిపించే గుర్తులు. డాక్టర్ రిపోర్టుల్లోనేమో ప్రతిసారీ షుగరు ఎక్కువే ఉంది. ఎక్కువున్నదెప్పుడు, పడిపోతున్నదెప్పుడు? అక్క పేరెత్తకుండా, కొన్నాళ్లు డ్యూటీ మానమంటే బావ ససేమిరా అన్నాడు. బెల్లం ముక్క జేబులో పెట్టుకొమ్మని, ఒంట్లో ఏ మాత్రం తేడా అనిపించినా బండి ఆపి నోట్లో వేసుకొమ్మని మాత్రం ఒప్పించగలిగాను.

మూడు నెలల్లో షుగరు సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష ఒకటి ఉంది. మా శిబిరాల్లో అది చేయలేదు, వేలి నుంచి చుక్క తీసి ఆ పూట షుగరు చూశామంతే. బావకు ఆ పరీక్ష చేయిద్దామని సూది తీశాను.

"మళ్ల నెత్తురేనా? నీకూ దోమకూ ఫరక్ లేకుండ అయితుంది మరదలా" అన్నాడు చెయ్యి చాపుతూ.

ఫలితం చూసి, ఎవరి నెత్తురుతోనో మారిపోయిందనుకున్నాను. మళ్లీ చేయించాను. అదే వచ్చింది. సగటు బాగుంది, ఉండాల్సిన దానికన్నా కాస్త తక్కువే అనాలి. అంటే ఈ మనిషికి మూడు నెలలుగా షుగరు అదుపులోనే ఉంది. డాక్టర్ చూసిన రోజున మాత్రం ఉండటం లేదు. ఆ రోజున ఏం జరుగుతోంది? కాగితాలు చూస్తూ కూర్చుంటే అది తేలదని బట్టలు సర్దుకుని భద్రావతి బస్సెక్కాను. ఆ ఆదివారమే బావ మళ్లీ చంద్రపూర్‌లో డాక్టర్‌కు చూపించుకోవాలి.

శనివారం బావకు మొదటి షిఫ్టు. అక్క తెల్లారకముందే లేచి అన్నం డబ్బా కట్టింది. మూత మీద గోలీ పెట్టి, పక్కన గ్లాసుతో నీళ్లు పెట్టింది. బావ ఒక కాలికి బూటు వేసుకుని, రెండో బూటు చేత పట్టుకునే గోలీ మింగి, నీళ్లు తాగి, ఆ బూటూ తొడుక్కుని డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. అంత నున్నగా జరిగే పనిలో తప్పు ఎక్కడుందో నాకు అంతు చిక్కలేదు.

ఆదివారం బావ తీరిగ్గా లేచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని బజారుకు వెళ్లి మటన్ తెచ్చాడు. వాకిట్లో పక్క క్వార్టర్ ఆయనతో మరాఠీలో జోకులు వేసి నవ్వాడు. వేడివేడిగా తిన్నాడు. పాత రిపోర్టులు సంచిలో పెట్టుకుని, "పోదమా మరి?" అన్నాడు. నేను పొద్దుట్నుంచీ పిల్లిలా ఆయన చుట్టూనే తిరుగుతున్నాను.

"బావా, గోలీ ఏసుకోలే?"

"ఇయ్యాల రెస్టు గద."

"రెస్టయితే?"

"రెస్టు నాడు గోలీ ఎవడేసుకుంటడు? డ్యూటీ నాడు కష్టం చేస్తం, గోలీ అరుగుతది. రెస్టు నాడు ఒంటిని జర ఊపిరి తీస్కోనియ్యాలె గద. డంపర్‌ను గూడ అప్పుడప్పుడు షెడ్‌ల పెడ్తరు."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఒకరు చెప్పుడేంది. మా షిఫ్టుల అందరం గంతే."

"మరి ఎన్నడూ మరువనని నాతోని చెప్పితివి?"

"మర్వలే. ఒక్క డ్యూటీ నాడన్న మర్చిన్నా? అడుగు మీ అక్కను."

అక్క చేతిలో గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "డబ్బ కట్టిన నాడు ఇస్త. డబ్బ లేని నాడు నాకు యాదికే రాదు" అంది మెల్లగా.

ఓహో, ఇదా సంగతి అని పైకే అనేశాను. ముడి విడిపోయిందన్న సంతోషంలో నవ్వు కూడా వచ్చింది. శిబిరానికి వచ్చిన వాళ్లంతా రెస్టు నాడు వచ్చారు, గోలీ వేసుకోకుండా వచ్చారు. డాక్టర్ దగ్గరికీ అలాగే వెళ్తారు. గోలీ లేని నాటి నెత్తురు చూసి, వేసుకుంటున్న గోలీ చాలడం లేదనుకుని ఆయన పెంచుతాడు. పెంచిన గోలీ వారమంతా డ్యూటీలో షుగరును మరీ కిందికి దింపేస్తుంది, అదీ డంపర్ మీద. ఇంతవరకు గబగబా చెప్పేసి అక్క ముఖం చూశాను. ఆమె గిన్నె కింద పెట్టి కొంగుతో కళ్లు అద్దుకుంటోంది. నా నవ్వు ఆగిపోయింది.

డాక్టర్ దగ్గరికి నేనూ వెంట వెళ్లాను. ఈసారి బావ దేన్నీ దాచకుండా నా చూపే కాపలా కాసింది. చెమటల సంగతీ, రెస్టు సంగతీ విని డాక్టర్ పాత చీటీ కొట్టేశాడు. గోలీ బాగా తగ్గించి రాశాడు. రెస్టు నాడైనా మానకూడదన్నాడు, ఇకపై డ్యూటీ ఉన్న రోజున కూడా ఒకసారి పరీక్ష చేయించమన్నాడు. ఆ తర్వాతి రోజుల్లో నేను శిబిరానికి వచ్చినవాళ్ల ఇళ్లకు మళ్లీ వెళ్లి, రెస్టు నాడు గోలీ సంగతేమిటని అడిగాను. దాదాపు అందరూ బావ చెప్పిందే చెప్పారు. కొందరైతే ఇది కూడా అడగాలా అన్నట్టు చూశారు. ఆ సంగతంతా రాసి పత్రికకు పంపాను.

ఆ ఆదివారం డాక్టర్ దగ్గర్నుంచి తిరిగొచ్చే దారిలో మాత్రం బావ ఒక్క జోకూ వేయలేదు. ఇంటికొచ్చాక మంచం మీద కూర్చుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"నువ్వు చెప్పింది మంచిదే మరదలా. నేను కాదంటలే. కని నీకో సంగతి తెల్వదు. డ్యూటీల ఎవనింట్ల పెండ్లయినా మిఠాయి నా ముంగటికెల్లి పక్కకు జరుపుతరు. చాయ్ పోసేటోడు సుత అన్నకు ఫీకా, చక్కెర ఎయ్యకు అని ఒర్రుతడు. రెస్టు నాడు గోలీ మింగకుంట బజార్ల నడుస్తుంటే నేను బీమారోన్ని కాదు. వారానికి గా ఒక్క దినం. గది గూడ గుంజుకుంటిరి."

 శిబిరంలో అన్నేసి ప్రశ్నలు అడిగాను, ఈ మాట చెప్పడానికి చోటిచ్చే ప్రశ్న వాటిలో ఒక్కటీ లేదు. ఆయన్ని బతికించుకోవాలనే చేశాం, అయినా ఆయన దగ్గర్నుంచి ఏదో లాగేసుకున్నామని నాకు బాధేసింది. 

మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లాను. ఆ వారం డ్యూటీలో చెమటలు పట్టలేదని అక్క గడపలోనే చెప్పింది. బావ మటన్ తెచ్చాడు. పీటలు వేశాక అక్క ఎడమ చేత్తో నీళ్లు, కుడి అరచేతిలో గోలీ పట్టుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది. ఆయన ఆ చేతిలోకి చూస్తూ చాలాసేపు ఉన్నాడు. వేసుకోడేమో అనుకున్నాను. ఆఖరికి తీసుకుని మింగాడు.

"ఇగ ఏడు దినాలు షుగరోన్నే" అన్నాడు గ్లాసు కింద పెడుతూ.

అక్క కూర వడ్డిస్తోంది. గరిటె ఆపకుండానే, "ఏడు దినాలు ఉంటవ్ గద. నాకు గది చాలు" అంది.

బావ కంచం దగ్గరికి జరుపుకుని అన్నం కలుపుకోసాగాడు.