మైనపు పలక మీద నా మాట

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక కొవ్వొత్తులు ఆర్పుతుంటే తేనెమైనం వాసన గుప్పున వచ్చింది. అంతే, నా మనసు ఐర్లండ్‌లోని కార్క్ ఊళ్లో మా పక్కింటి బ్రిజిడ్ ఆంటీ వంటింట్లో వాలింది. ఆవిడ పోయాక ఆ వాసన తగలడం ఇదే మొదలు.

ఆవిడ యూనివర్సిటీలో మధ్యయుగాల చదువుల గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. శనివారాలు మా వీధి పిల్లల్ని కూర్చోబెట్టి, పూర్వం ఇక్కడి క్రైస్తవ మఠాల్లో చదివిన పిల్లల్లాగే మైనం పూసిన చెక్కపలకల మీద రాయించేవారు. ఆ బడుల్లో అక్షరాలూ నీతీ వేరువేరు పాఠాలు కావట. చిన్న నీతివాక్యం రాస్తూనే రెండూ నేర్చుకునేవారట. దానికి ఆవిడ తన సొంత నియమం ఒకటి తగిలించారు: రాసింది చేసి చూపించేదాకా పలక చెరపకూడదు. మా అమ్మాయి ఒకసారి తోటివారికి పంచాలని రాసి, వెంటనే చెరపబోయింది.

"ఎవరికి పంచావు?" అన్నారు ఆంటీ.

"ఇంకా ఎవరికీ లేదు."

"అయితే అలాగే ఉండనీ."

పిల్ల మూతి ముడుచుకుని తన చాక్లెట్ సగం విరిచి పక్కనున్న పిల్లకిచ్చింది. నాకు నవ్వాగలేదు. ఆ నవ్వంతా నా వంతు వచ్చేదాకానే.

అప్పట్లో నేను ఒక వృద్ధుల హోమ్‌లో నర్సుని. ఒక పెద్దాయన మంచం మీంచి పడ్డారు. మంచం పక్క కమ్మీ దించి వదిలేసింది మా సూపర్‌వైజర్. నేను కళ్లారా చూశాను. నింద మాత్రం అక్కడ పెద్దవాళ్ల బాగోగులు చూసే కేరర్‌గా చేసే సుజాత మీద పడింది. "అక్కా, నువ్వు చూశావు కదా! ఒక్క మాట చెప్పక్కా, నా ఉద్యోగం పోద్ది," అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నా కాంట్రాక్టు పొడిగించమని రాయాల్సింది ఆ సూపర్‌వైజరే. కాంట్రాక్టు లేకపోతే ఈ దేశంలో ఉండి పనిచేసే పర్మిట్టూ నాకు లేదు.

విచారణ ముందురోజు ఆంటీ దగ్గర అంతా వెళ్లబోసుకున్నాను. ఊరుకోమంటారేమోనని లోపల ఆశ. ఆవిడ పలక నా ముందుకు జరిపి, "నీ స్థానంలో మీ అమ్మాయి ఉంటే ఏం చెబుతావో రాయి," అన్నారు. చూసింది దాచకు అని తెలుగులో రాశాను. ఆవిడ ఆ అక్షరాలకేసి చూసి, "నాకు చదవడం రాదు. నీకు వచ్చు కదా," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీకేం ఆంటీ, ఇది మీ దేశం! నా పర్మిట్ పోతే పిల్లని తీసుకుని ఎక్కడికి పోను?" అని అరిచాను.

ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. "నిజమే. నీకు పోయేది నాకు పోదు. తోడు వచ్చి పక్కన కూర్చుంటాను. మాట మాత్రం నువ్వే చెప్పాలి," అన్నారు.

తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు కాబట్టి, మర్నాడు విచారణ గదిలో నా పక్క కుర్చీలో ఆంటీ కూర్చున్నారు. భయపడుతూనే, చూసింది చూసినట్టు చెప్పాను. సుజాత ఉద్యోగం నిలిచింది. నా కాంట్రాక్టు మాత్రం పొడిగించలేదు. డబ్లిన్‌లో పని దొరికేదాకా పడ్డ పాట్లు పగవాళ్లకి కూడా వద్దు. కార్క్ వదిలే రోజున ఆంటీ, "భయం పోయిందా?" అని అడిగారు. "లేదాంటీ," అన్నాను. "నాకూ ఎప్పుడూ పోలేదు," అన్నారు.

మొన్న ఇక్కడ డబ్లిన్ ఆసుపత్రి వార్డులో, కొత్తగా చేరిన నర్సు మీద ఎవరిదో తప్పు రుద్దుతుంటే మీటింగులో లేచి నిలబడ్డాను. అదే భయం. తెలియకుండానే పక్కకి చూశాను. కుర్చీ ఖాళీ. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని తుడుచుకోకుండానే మాట్లాడాను.