బుచ్చమ్మ చల్ల మిరపకాయల వారం

బుచ్చమ్మ మబ్బును తిడితే వాకిట్లోకి జొరబడ్డ బర్రెను అదిలించినట్టే ఉంటుంది. "ఫాల్గుణంల నీకేం పనే ఈడ? పో, నీ నెలల రా" అంటుంది. ఈ ఏడు ఆ తిట్లు నల్లగండ్లలోని మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద రోజూ వినబడ్డాయి. శివరాత్రి దాటిందో లేదో గాలివానలు మొదలయ్యాయి. పొద్దున కళ్లు తెరవనీయని ఎండ. మధ్యాహ్నం మూడు దాటేసరికి గచ్చిబౌలి వైపు నల్లగా కమ్ముకోవడం, దుమ్ము, దాని వెనకే ఉరుము. ఒకరోజైతే వడగళ్లు కూడా పడ్డాయి.

ఈ బిల్డింగ్ లేవక ముందు ఇక్కడ బుచ్చమ్మ వాళ్ల మిరపతోట ఉండేది. జాగా ఇచ్చినందుకు వచ్చిన ఫ్లాట్‌లో, మొదటి అంతస్తు నూట నాలుగులో, భర్త మల్లయ్యతో ఉంటోంది. తోట సంగతి నేను కదిపినా ఆమె పెద్దగా కదలదు. "అప్పుడు బాయికాడ ఎండవెట్టేటోళ్లం, ఇప్పుడు బిల్డింగు మీద ఎండవెడుతున్నం. ఎండ అదే గద సారూ" అంటుంది.

ఆమె ఎండబెట్టేవాటిలో ముఖ్యమైనవి చల్ల మిరపకాయలు. ఆమె మాటలో సల్ల మిరపకాయలు. పొట్టిగా లావుగా ఉన్న పచ్చిమిరపకాయలకు గాటు పెట్టి, ఉప్పు, వాము కలిపిన పుల్లటి మజ్జిగలో నానేస్తుంది. పగలు తీసి ఎండలో పరుస్తుంది. సాయంత్రం మళ్లీ ఆ మజ్జిగలోనే వేస్తుంది. కొత్త మజ్జిగ పోయకూడదు. పాతదే రోజురోజుకీ పులిసి, ఆఖరి చుక్కదాకా కాయలోకి ఇంకిపోవాలి. అప్పుడుగాని వాన పడే సాయంత్రం నూనెలో వేయించుకుంటే, పప్పన్నంలో కరకరమని నోటికి తగిలే కాయ తయారవదు. ఈ కాయ లేకపోతే మల్లయ్య పళ్లెం ముందు కూర్చుని, ఇంట్లో ఏదో పోయినట్టు అటూ ఇటూ చూస్తాడట.

మామూలుగా ఈ పని ఎండాకాలంలో పెట్టుకుంటుంది. ఈసారి తొందర వచ్చిపడింది. టెర్రస్ మీద ఎవరో పుట్టినరోజు చేసుకుని నీళ్ల ట్యాంకు పైపు విరగ్గొట్టారు. దాంతో టెర్రస్‌కు శాశ్వతంగా తాళం వేయాలా వద్దా అని వచ్చే ఆదివారం మీటింగ్ పెట్టుకున్నారు. అసోసియేషన్ సెక్రటరీ శివశంకర్ గారు ఏ మాటైనా "రూల్ ప్రకారం" అని మొదలుపెట్టే మనిషి, అంతమాత్రాన చెడ్డవాడు కాదు. సోమవారం తాళం చెవి తెచ్చి బుచ్చమ్మ చేతిలో పెట్టారు.

"ఈ వారం మీరు వాడుకోండమ్మా. ఒక్క కంప్లైంట్ కూడా రాలేదనుకోండి, మీటింగ్‌లో మీ తరఫున నేనే మాట్లాడతాను. వచ్చిందనుకోండి, ఇంక నా చేతిలో ఏం ఉండదండి."

"కంప్లైంటు ఎందుకొస్తది సారూ, మిరపకాయలేమన్న పాటలు వెట్టి డాన్సు జేస్తయా" అంది బుచ్చమ్మ.

ఆ సాయంత్రమే అయిదు కిలోల కాయలు మజ్జిగలో పడ్డాయి. మంగళవారం నానాయి. బుధవారం టెర్రస్ మీద పాత పంచె పరిచి ఆరబోసింది. మధ్యాహ్నం నాలుగింటికి గాలి లేచింది, కరెంటు పోయింది, లిఫ్టు ఆగింది. మోకాళ్లు పట్టుకుని ఆరంతస్తులు ఎక్కేసరికి వాన వెలిసింది. కాయలు తడిసి ముద్దయ్యాయి. "నేను పైకి వచ్చేదాక ఆగలేదు, ఒచ్చినంక పోయింది. దానికి నేనంటే పడదు సారూ" అని వానమీద నాకు చాడీలు చెప్పింది.

అందుకే గురువారం కెజియాకు అప్పగించింది. కెజియాది ఆరో అంతస్తు, ఆరువందల ఒకటి. అద్దెకుంటుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. ఊరు కాకినాడ దగ్గర అయినా, హాస్టళ్లలో పెరిగిన పిల్ల.

"మబ్బు వట్టంగనే కాయలు ఎత్తి మెట్ల గదిల వెట్టు బిడ్డా. గంతే. ఇంకేం జెయ్యకు" అని తాళం చెవి ఇచ్చింది.

"మీరేం టెన్షన్ పడకండి ఆంటీ, నేను చూసుకుంటాను కదా" అంది కెజియా.

చూసుకుంది. ఉరుము వినగానే మీటింగ్ మధ్యలో హెడ్‌ఫోన్ పీకేసి పరుగెత్తింది. పంచెతో సహా కాయలన్నీ ఎత్తింది. మెట్ల గదిలో పెట్టబోతే అక్కడ స్టీలు టబ్బు కనిపించింది. మూత తీసింది. మూడు రోజుల మజ్జిగ, పైన నురుగు, తేలుతున్న గింజలు, ముక్కు బద్దలయ్యే పులుపు. పాపం పెద్దావిడ పారబోయడం మర్చిపోయిందనుకుంది. వాన నీళ్లు కిందికి పోయే గొట్టం దగ్గర ఒంపేసి, సబ్బు పెట్టి టబ్బు తళతళా తోమి బోర్లించింది. మజ్జిగను వాన కడిగేస్తుందిలే అనుకుంది.

ఆ రోజు ఉరిమిందే గాని కురవలేదు.

సాయంత్రం కాయలను మజ్జిగలో వేయడానికి వచ్చిన బుచ్చమ్మ, మెరుస్తున్న టబ్బు ముందు నిలబడిపోయింది.

"సల్ల ఏదే?"

"పాడైపోయింది ఆంటీ. పారబోసేశాను."

"పాడైందా? పాడుగావాలనే గద నేను మూన్నాళ్ల సంది కాపలా గాస్తున్న."

"అయ్యో, నాకెలా తెలుస్తుందండి, వాసనొస్తుంటే..."

"వాసన రాకపోతే అది సల్ల ఎట్లయితది, నీళ్లయితయి. ఇంకేం జెయ్యకన్ననా లేదా?"

"సాయం చేద్దామని..."

"సాయమే బిడ్డా, సాయమే. వానొక్కతే అనుకున్న నా మీద పగవట్టింది."

అంతలో కింద పార్కింగ్‌లో గొడవ మొదలైంది. టెర్రస్ గొట్టం తెరుచుకునేది అక్కడే. మజ్జిగ కార్ల కింద మడుగు కట్టింది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకరు డ్రైనేజీ లీకవుతోందన్నారు, ఇంకొకరు గ్యాసేమో అన్నారు. శివశంకర్ గారు ప్లంబర్ తిరుపతిని పిలిపించారు. అతను ముక్కు మూసుకుని వచ్చి, ఒంగి, ముక్కు వదిలేశాడు.

"గిది డ్రైనేజీ గాదు సార్. సల్ల. వాము గూడ ఏసిండ్రు. మంచిగ పులిసింది."

శివశంకర్ గారు లిఫ్టు ఎక్కి నేరుగా టెర్రస్ మీదికి వచ్చారు. కెజియా ముఖం పాలిపోయింది. నోరు తెరవబోతే బుచ్చమ్మ మోచేత్తో పొడిచింది.

"నేనే పోసిన సారూ."

"మీరా? మీకు తెలిసే పోశారా అమ్మా?"

"యాది లేక పోసిన. ఏం జేస్తవ్ ఇగ."

"ఇప్పటికి మూడు కంప్లైంట్లొచ్చాయండి. నేనన్న మాట మీకు గుర్తుంది కదా" అని చెయ్యి చాపారు. బుచ్చమ్మ తాళం చెవి ఇచ్చేసింది.

ఎందుకట్లా చెప్పావని తర్వాత అడిగాను. "పిల్ల కిరాయికుంటది. ఓనర్ చెవులవడ్డదంటె ఖాళీ జెయ్యమంటడు. నన్నెవడు ఖాళీ జెయ్యమంటడు" అంది. ఆ మాట ప్రేమగా అనలేదు. పళ్లు కొరుకుతూ అంది.

శుక్ర, శనివారాలు నూట నాలుగులో ఎవరికీ సుఖం లేదు. మిరపకాయలు పడకగదిలో ఫ్యాను కింద పరుచుకున్నాయి. మల్లయ్య తుమ్ముకుంటూ హాల్లో పడుకున్నాడు. ఇంటింటికీ తిరిగి పుల్ల పెరుగు అడిగి తెచ్చి బుచ్చమ్మ మళ్లీ మజ్జిగ కలిపింది. సగం కాయలకు మచ్చలొచ్చాయి, ఏరి పారేసింది. మిగిలినవాటికి ఇంకో రెండు రోజుల ఎండ కావాలి. ఎండ ఉంది. తాళమే అడ్డం.

ఆదివారం మీటింగ్ పార్కింగ్‌లోనే, ప్లాస్టిక్ కుర్చీల్లో. శివశంకర్ గారు కంప్లైంట్లు చదవగానే వెనక నిలబడ్డ కెజియా ఇంక ఉండలేకపోయింది.

"ఆ మజ్జిగ పారబోసింది నేనండి. ఆంటీకి తెలియదు."

"రూల్ ప్రకారం అద్దెకున్నవాళ్లు మీటింగ్‌లో మాట్లాడకూడదమ్మా."

"మాట్లాడకుండా ఎలా ఒప్పుకోవాలండి మరి?"

అందరూ నవ్వారు. శివశంకర్ గారు కూడా నవ్వాపుకోలేక కాగితం అడ్డం పెట్టుకున్నారు. "తప్పు ఆవిడది కానప్పుడు ఆ కంప్లైంట్లు కొట్టేస్తున్నానండి. టెర్రస్ మూయొద్దనే నా ఓటు" అన్నారు. ఎవరూ కాదనలేదు. అసలు గ్రూపులో ఆ సరికే మాట మారిపోయింది. మజ్జిగ సంగతి తెలిసిన దగ్గర నుంచి ఒకరికి వాళ్ల అమ్మమ్మ గుర్తొచ్చింది, ఇంకొకరికి వడియాలు, మరొకరికి ఏడాది కారం. తాళం వేద్దామన్నవాళ్లే ఇప్పుడు మా వంతు ఎప్పుడని అడుగుతున్నారు.

బుచ్చమ్మ కుర్చీలో కాళ్లు చాపుకుంది. గెలిచింది కదా.

వంతులు వేయడానికి శివశంకర్ గారికి పది నిమిషాలు కూడా పట్టలేదు. నలభై ఎనిమిది ఫ్లాట్లు, ఫ్లాటుకు రెండు రోజులు, పై అంతస్తు నుంచి కిందికి. రేపే మొదలు. వంతు ఎవరిదైతే వాళ్లే పైన ఉండాలి, ఇంకెవరూ టెర్రస్ మీద కాలు పెట్టకూడదు.

"నూట నాలుగు ఎప్పుడు సారూ?"

ఆయన ఫోన్‌లో చూశారు. ఇంకోసారి చూశారు. "జూన్ పది, పదకొండు తేదీలండి."

"మిరుగంల? వానల కార్తెలనా?"

"సిస్టం ఇచ్చిందండి, నేను కాదు."

"మిరుగంల ఇత్తులు ఏస్తరు సారూ. మిరపకాయలు ఎండవెడ్తరా ఎవలన్న? నీ సిస్టం ఏ ఊరిది?"

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. అంత కోపంలోనూ ఆరో అంతస్తులో మొదటి ఫ్లాటు ఎవరిదో బుచ్చమ్మకు తట్టింది. మెల్లగా వెనక్కి తిరిగి కెజియాను చూసింది. కెజియా అప్పటికే తల ఊపుతోంది.

సోమవారం ఎనిమిదింటికి నేను పైకి వెళ్లేసరికి బుచ్చమ్మ టెర్రస్ గుమ్మానికి లోపల, ఆఖరి మెట్టు మీద కూర్చుని ఉంది. కాలి బొటనవేలు కూడా గడప దాటలేదు. బయట ఎండలో కెజియా, చెవిలో ఆఫీసు మీటింగ్ నడుస్తుండగా, గొంతుక్కూర్చుని కాయలు పరుస్తోంది.

"దగ్గర దగ్గర వెట్టకు. ఊపిరాడాలె వాటికి."

"ఇలాగా ఆంటీ?"

"అట్ల కాదు. నీ వీపు నా దిక్కు ఎందుకు తిప్పుతున్నవ్, కాయ తొడిమ తిప్పమన్న. ఆ, గట్ల. రూల్ వెట్టినాయన్ను పిలువు, జర ఆయన గూడ వచ్చి ఒక వరుస వెడ్తడేమో."

"ఆయన వంతు ఇప్పుడు కాదు ఆంటీ, ఏప్రిల్లో."

"అయితె రానియ్యకు" అంది బుచ్చమ్మ. "మాట్లాడకుండ పరువు. ఎండ పోతది."