బొట్టు పెట్టని ఫ్లాపీ

నరసరావుపేటలో మా బడికి కంప్యూటరు వచ్చింది ఎనభైల చివర్లో. దాన్ని గుంటూరు నుంచి తెచ్చినాయన రెండు ఫ్లాపీలు బల్ల మీద పెట్టి, "వీటిల్లో ఒకటే మీకు. రెండోది సాయంత్రం బస్సుకి పట్టుకుపోతా" అన్నాడు. ఒకటి ఎక్కాలది. లెక్క అడుగుతుంది, తప్పు చెబితే గీపెడుతుంది. రెండోది బొమ్మలది. పిల్లలు మీటలు నొక్కి బొమ్మ గీయొచ్చు, రంగు పోయొచ్చు, గీసినదానికి పాట కట్టొచ్చు.

నేను ఒకటో తరగతి టీచర్ని. నాకు బొమ్మలది కావాలి. కావాలంటే కావాలి, అంతే! ఎక్కాలది ఉంచితే కంప్యూటరు గది పెద్ద తరగతుల వాళ్లకేనని బడి నడిపే కరస్పాండెంటు గారు ముందే తేల్చేశారు. నా పిల్లల్లో సగం మంది రాళ్ల క్వారీల్లో పనిచేసేవాళ్ల బిడ్డలు. కంప్యూటరు దిగిన దగ్గర్నుంచీ ఆ గది కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతూ, "మేమెప్పుడు పోతాం టీచర్?" అని నా ప్రాణం తోడేస్తున్నారు.

"పలక పట్టడం రాని పిల్లకాయలకి కంప్యూటరేందమ్మా?" అన్నారు కరస్పాండెంటు గారు. ఆయన ఎదట బడిలో ఎవరూ నోరు మెదిపేవాళ్లు కాదు. "ఎక్కాలొస్తే యాడన్నా బతుకుతారు. బొమ్మలేం కూడు పెడతయ్యా?"

"ఒక్క పిల్లనన్నా కూర్చోబెట్టి చూడండి సార్" అన్నాను.

"సర్లే. ముందు ఎక్కాలది చూద్దాం. టైముంటే నీది."

టైముండదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నాలుగింటికి కరెంటు పోతే మళ్లీ రాత్రికి గానీ రాదు. నాకు ఒళ్లు మండిపోయింది.

తీరా అంతా సిద్ధమయ్యాక పూజ. మా వైపు లారీ కొన్నా, కుట్టుమిషను కొన్నా పసుపూ కుంకుమా పెట్టకుండా ముట్టుకోరు. కొబ్బరికాయ కొట్టారు. నేను చర్చికి పోయేదాన్నే అయినా చేతులు కట్టుకుని నిలబడ్డాను, కళ్లు మాత్రం గడియారం మీదే. తెరకి బొట్టు పెట్టారు, మీటల పలకకి బొట్టు పెట్టారు. తర్వాత కరస్పాండెంటు గారు ఎక్కాల ఫ్లాపీని కవర్లోంచి తీసి, కళ్లకద్దుకుని, తడి పసుపు రాసి, మీద నిండుగా కుంకుమ అద్దారు. నా ఫ్లాపీ బల్ల చివర కవర్లోనే పడి ఉంది. దానికి ఒక్క చుక్క కూడా పెట్టలేదు. దేవుడి దగ్గర కూడా నా పిల్లలది వెనక బెంచీయేనా అని ఏడుపొచ్చింది.

బయట సోడా తాగి వచ్చిన గుంటూరాయన ఎక్కాల ఫ్లాపీని చేతిలోకి తీసుకుని గతుక్కుమన్నాడు. ఆ నల్లటి అట్టకి ఒక పక్కన సన్నటి సందు ఉంటుంది. లోపలి ఫిల్ము అందులోంచి మెరుస్తూ కనపడుతుంది. మిషను చదివేది అక్కడే. అందంగా మెరుస్తోంది కదా అని బొట్టు కూడా సరిగ్గా అక్కడే పెట్టారు.

"ఇది లోపలికి పోతే మిషనే పాడైద్ది సార్" అన్నాడు గుంటూరాయన.

కరస్పాండెంటు గారి మొహం కందగడ్డయింది. "శుభమా అని బొట్టు పెడితే పాడయ్యేదేందయ్యా? ఎత్తెయ్! మొత్తం మూటగట్టు!"

"సార్, కరెంటు ఇంకా ఉంది" అన్నాను. ఆ తెగింపు ఎక్కడ నుంచి వచ్చిందో నాకే తెలియదు. ఆయన కాదనేలోపే కిటికీ దగ్గర అందరికన్నా ముందున్న పిల్లని రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. గుంటూరాయన బొమ్మల ఫ్లాపీ పెట్టాడు.

పిల్ల మీట నొక్కింది. గీత వచ్చింది. ఆయన చూపిస్తుంటే ఇంకా నొక్కింది. గోడలు లేచాయి, పైన కప్పు పడింది. ఎర్ర రంగు పోయగానే పెట్టె కుయ్యిమని పాడింది. కిటికీ దగ్గర ఒకటే కేకలు. కరస్పాండెంటు గారు గడియారం చూసి, "చాల్లే, చూశాంగా" అంటూ స్విచ్చి మీద చెయ్యి వేశారు.

"ఆపమాక తాతా!" అని అరిచింది పిల్ల. "ఇంకా తలుపు పెట్టలా! లోపలికెట్టా పోవాలి?"

ఆ బడిలో ఆయన్ని తాతా అన్నవాళ్లు లేరు. ఆయన పిల్లని చూశారు. కిటికీ వంక చూశారు. స్విచ్చి మీద నుంచి చెయ్యి తీసేశారు.

"పెట్టు మరి. బిన్నా పెట్టు, కరెంటు పోద్ది."

తలుపు సగంలో ఉండగానే కరెంటు పోయింది. నల్లబడ్డ తెరని చూసి పిల్ల బావురుమంది. గుంటూరాయన బస్సు వేళవుతోందని కంగారుపడుతూ, "ఏది ఉంచమంటారు సార్?" అన్నాడు.

"పిల్ల తలుపు సగంలో ఉందిగదయ్యా. అదే ఉంచు" అన్నారు కరస్పాండెంటు గారు. గుమ్మం దాకా వెళ్లి నా వైపు తిరిగారు. "ఏమ్మా, దానికి మాత్రం ఎవర్నీ బొట్టు పెట్టనియ్యమాక. నన్ను కూడా."

నేను ఫ్లాపీని కవర్లో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, రేపు అందరూ లోపలికి కాళ్లు కడుక్కుని రమ్మని చెప్పాను.