గున్నోడి ముందు ముద్ద

ఆ రోజుల్లో పిల్లలందరి ఇళ్ల ముందూ ఏనుగులు ఉంటాయనే అనుకునేదాన్ని. మా నాయన పలమనేరు దగ్గర అడవి అంచున ఏనుగుల శిబిరంలో మావటి. పంటల మీద పడి చిక్కిన గున్న ఏనుగొకటి దుంగల దొడ్డిలోకి వచ్చేసరికి నాకు తొమ్మిదేళ్లు. దాన్ని మచ్చిక చేసి, అడవి ఏనుగుల్ని తరిమే పనికి తయారుచెయ్యాలి. నేను పెట్టిన పేరు గున్నోడు. నాయన రాగిముద్ద పెట్టబోతే తొండంతో ఎగరేసి ఆయన మొహానికే కొట్టాడు. నేనేమో ఆ ముద్దలో బెల్లం, కొబ్బరి చూసి ఆగలేక (ఇంట్లో మాకు అంత బెల్లం ఎవరు వేస్తారు!) చిటికెడు గిల్లి నోట్లో వేసుకున్నాను. గున్నోడు నా నోటి వంకే చూశాడు. నేనింకా బతికే ఉన్నానని నమ్మకం కుదిరాక కాబోలు, తనూ నోరు తెరిచాడు.

ఇంకేముంది, పెట్టేవాళ్లు ముందు తింటేగానీ వాడు తినడు. నాకు పండగే. "టైనింగు ఏనుక్కా, దీనికా?" అని అమ్మ నెత్తి కొట్టుకునేది. ఒకరోజు పెద్దాఫీసరు చూడ్డానికొచ్చారు. గున్నోడు కూర్చోమంటే కూర్చున్నాడు, కాలెత్తమంటే ఎత్తాడు. ఆయన మురిసిపోయి ముద్ద అందిస్తే మాత్రం మూతి బిగించాడు. నాయనకు ముచ్చెమటలు. నేను ఉండబట్టలేక, "సార్, ముందు మీరు తినాల" అన్నాను. పాపం ఆయన అటూ ఇటూ చూసి గిల్లుకుని తిన్నారు. గున్నోడూ తిన్నాడు. అందరూ నవ్వారు గానీ, వెళ్తూ వెళ్తూ ఆయన, "ఈ అలవాటు మాన్పించప్పా" అన్నారు. అంతే, ముద్దల వేళకు నన్ను దొడ్డి దగ్గరికి రానివ్వలేదు. కొన్నాళ్లకు నాయన, "మాన్పిచ్చేసినా సూడు" అని మీసం తిప్పాడు. (మాన్పించిందీ లేదు, పాడూ లేదు. ముద్ద కాలుతోందేమోనని ప్రతిసారీ చిటికెడు నోట్లో వేసుకుని చూడటం ఆయనకు అలవాటైపోయింది. ఆ సంగతి దూరం నుంచి చూసే నాకు తప్ప ఆయనకే తెలియదు.)

పని నేర్చాడని గున్నోణ్ణి మన్యం వైపు కొత్త శిబిరానికి పంపేశారు. నాయన లారీలో వెంట వెళ్లి, నాలుగు రోజులుండి దిగబెట్టి వచ్చాడు. ఆ వెనకే అక్కడి మావటి ఫోను. నాయన స్పీకరు పెట్టాడు. ఆయన మా కుప్పం మనిషే. "నువ్వు పోయినకాణ్ణించి ముద్ద ముట్టలేదన్నా. ఎనక్కి పంపిచ్చేస్తామంటా ఉండారు." నా గుండె గంతులేసింది. ఎందుకు తినడం లేదో నాకు తెలుసు. నోరు మూసుకుంటే చాలు, గున్నోడు ఇంటికొచ్చేస్తాడు! ఫోనులో గొంతు మళ్లీ, "అంత దూరం లారీలో తట్టుకుంటాడో లేదోన్నా. నిలబడలేక దుంగకు ఆనుకోనుండాడు" అంది.

నేను ఫోను లాక్కున్నాను. "సిన్నాయనా, ముందు నువ్వు తిను. వానికి కనపడేట్టు తిను." అటువైపు ఫోను కింద పెట్టిన చప్పుడు. తర్వాత ఒకటే కేక: "తిన్యాడు పాపా! ఇంగోటి అడగతా ఉండాడు!"

నాయన నన్నెత్తుకుని గిర్రున తిప్పాడు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. "తిన్యాడు గదమే, యాల ఏడస్తావు?" అంటాడు. ఇక వాడు రాడు.

ఇప్పుడు చిత్తూరులో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ ఉన్నాను. ఆ తొమ్మిదేళ్ల పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. రెండో పూట ముద్దయినా గున్నోడు వద్దంటాడేమోనని, ఫోను ఒళ్లో పెట్టుకుని చీకటి పడేదాకా గడపలో కూర్చుంది పిచ్చిది. ఫోను మోగలేదు.