సారు తీయకుండా వదిలిన కొమ్మలు

మా సారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను షాపులో ఎవరివో ఆధార్ కార్డులు జిరాక్స్ తీస్తున్నాను. ఫోన్ చేసింది ఆయన భార్య. ఆమెను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. "మీ సారు దవాఖానా దాక గూడ రాలే బిడ్డా" అన్నది. చర్ల నుంచి భద్రాచలం పోయే రోడ్డు మీద, అంబులెన్సులోనే ప్రాణం పోయిందట. మిషను తన పాటికి తాను కాగితాలు వదులుతూనే ఉంది. ఏం చేయాలో తోచక వాటిని సర్ది, పిన్ను కొట్టి, ఎదురుగా నిలబడ్డాయన చేతిలో పెట్టాను.

చిన్నప్పుడు వాగు అవతలి మా ఊరి బడిలో నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. నౌకరీ అంతా అడవి పల్లెల్లోనే చేసి, రిటైరయ్యాక చర్లలోనే ఉండిపోయారు. ఏ ఊరికి ఏ వాగు దాటి పోయారో, దాటించిన వాళ్లెవరో, ఏ పిల్ల బడికి ఎట్లా వచ్చిందో, ఎందుకు మానేసిందో అంతా పుస్తకంగా రాయాలని ఆయన కోరిక. తన చేతిరాత తనకే అర్థం కావడం లేదని నా షాపుకొచ్చి వర్డ్‌లో టైపింగ్ నేర్చుకున్నారు. ఎంత చెప్పినా రెండు వేళ్లతోనే కొట్టేవారు. నన్ను మాత్రం పేరు పెట్టి పిలిచేవారు కాదు. "ఓ జిరాక్స్ పిల్లా" అనేవారు. పిల్ల అనడానికి నాకిప్పుడు పెళ్లీడుకొచ్చిన కూతురుంది.

ఫైలు పెరిగి పెరిగి వందల పేజీలైంది. ఎక్కడ ఆపారో మర్చిపోకుండా పేజీ నంబరు అరచేతిలో పెన్నుతో రాసుకునేవారు. మర్నాడు ముందెక్కడో నాలుగు పేరాలు కలిపేసరికి నంబర్లన్నీ జరిగిపోయేవి.

"నిన్న నూట నలభైల ఉన్న వాగు ఇయ్యాల ఏడికి పోయిందే?" అని కసురుకున్నారు ఒకసారి.

"వాగు గద సార్, పారింది" అన్నాను.

నవ్వలేదు. మౌసు చక్రం తిప్పుతూ ఆ మధ్యాహ్నమంతా వెతుక్కున్నారు. చూడలేక మర్నాడు బుక్‌మార్క్ పెట్టడం చూపించాను. ఆగిన చోట కర్సర్ ఉంచి, ఇన్సర్ట్‌లోకి పోయి, బుక్‌మార్క్ అని నొక్కి, మధ్యలో ఖాళీ లేకుండా ఒక పేరు పెట్టాలి. మళ్లీ ఆ పేరు ఎంచుకుని గో టూ నొక్కితే, పేజీలు ఎంత జరిగినా అక్కడికే తీసుకుపోతుంది.

"గింతేనా?" అన్నారు. "అడవిల కొమ్మ ఇరిచి పెట్టుడే గదా ఇది!"

బీడీల తునికాకు కొయ్యడానికి అడవికి పోయేవాళ్లు కొత్త తోవలో దిగితే, దారి చీలిన చోట పచ్చి కొమ్మ విరిచి అడ్డంగా పెట్టి పోతారు. తిరిగొచ్చేటప్పుడు దాన్ని తీసి పక్కన పారేస్తారు. సారు ఆ పద్ధతిని కంప్యూటర్లోకి కూడా తెచ్చారు. రాయాల్సినది రాయడం అయిపోగానే ఆ బుక్‌మార్క్ డిలీట్ చేసేవారు. ఉంటే నష్టమేం లేదు సార్, ఉండనీయండి అంటే వినేవారు కాదు.

"తియ్యకపోతే ఎనక వచ్చేటోళ్లు మనం ఇంకా లోపల్నే ఉన్నమనుకుంటరు. ఎతుక్కుంట పోతరు. వాళ్లను గట్ల తిప్పలు పెట్టొద్దు బిడ్డా."

డిలీట్ కొట్టిన ప్రతిసారీ కుర్చీలో వెనక్కి వాలి, "బయటికొచ్చిన!" అని షాపంతా వినపడేలా చెప్పేవారు. అప్పుడే టీ తాగేవారు. ఆ కేక కోసం నేను చెవి పెట్టుకుని ఉండేదాన్నని ఇప్పుడు తెలుస్తోంది.

కర్మకాండ అయ్యాక అమ్మ షాపుకొచ్చింది. "ఆ పుస్తకం ఎట్లన్న చేసి అచ్చేయించు. మీ సారు దాన్నే పలవరించిండు" అన్నది. పక్కన కూర్చోబెట్టుకుని ఫైలు తెరిచాను. బుక్‌మార్కుల పెట్టెలో ఇంకా కొన్ని పేర్లున్నాయి.

'ఆమె_పేరు_అడగాలి' మీద గో టూ నొక్కాను. జ్వరంతో ఉన్న సారును వీపున వేసుకుని వాగు దాటించిన ఒక ముసలామె సంగతి అది. పేరుండాల్సిన చోట చుక్కలున్నాయి. ఊరి పేరు కూడా రాయలేదు. ఎవరిని పోయి అడగను?

'పడవ_మునిగిన_రోజు' నొక్కాను. "ఒడ్డు రాగానే ముందు నేను దిగాను. తర్వాత" అని ఆగిపోయింది.

"ఏమైందమ్మా ఆనాడు?"

"నాకేం తెల్వది. పడవ మునిగిందనే నాకెన్నడు చెప్పలే" అన్నది అమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

చివరిది 'జిరాక్స్_పిల్ల'. నొక్కడానికి వేలు రాలేదు. అమ్మే నా చెయ్యి పట్టుకుని నొక్కించింది.

"వాగు పొంగిన రోజు బడికి ఒక్కతే వచ్చింది. తడిసిన పలకను గౌనుకు తుడుచుకుంటూ నన్నొక మాట అడిగింది. ఆ మాటకు నేను"

అంతే. వాగు నాకు గుర్తుంది. అంచు విరిగిన పలక గుర్తుంది. బడి గుమ్మంలో తల తుడుచుకుంటున్న సారు గుర్తున్నారు. ఏమడిగానో మాత్రం గుర్తు లేదు.

"అడిగింది నువ్వే గదనే. యాది చేసుకో" అన్నది అమ్మ.

"వస్తలేదమ్మా" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. అంతకుమించి మా చేతిలో ఏముంది?

ప్రెస్సు వాళ్లు ఫైలు పంపమంటున్నారు. అచ్చులో బుక్‌మార్కులు కనపడవు, తీసేసినా ఉంచినా ఒకటేనన్నారు. డిలీట్ మీద బాణం పెడతాను, మళ్లీ వెనక్కి తెచ్చుకుంటాను. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు సారు టైపు చేసుకున్న ఆ మూల కంప్యూటర్ ముందు కూర్చుని గో టూ నొక్కుతాను. పేజీలు, వాగులు, ఊళ్లు అన్నీ దాటుకుని తెర వచ్చి అక్కడే ఆగుతుంది. "ఆ మాటకు నేను" పక్కన కర్సర్ కొట్టుకుంటూ ఉంటుంది. సారు ఇంకా లోపలే ఉన్నారు.